ఎగరకముందే చేయాల్సిన పని

గాయపడిన సైనికుణ్ణి హెలికాప్టర్‌లో తరలించే నర్సు నేర్చుకోవాల్సినదాంట్లో ఎక్కువ భాగం నేల మీద చేసే పనే. గాల్లోకి లేచాక స్టెతస్కోప్ పనికిరాదు. రెక్కల హోరులో ఊపిరి చప్పుడు వినపడదు. ఛాతీ రెండు వైపులా సమంగా లేస్తోందో లేదో కళ్లతో చూసి, చేత్తో తాకి తెలుసుకోవాలి. ఇరుకు చోట, కుదుపుల్లో సూది గుచ్చడం కష్టం. అందుకే సెలైన్ పెట్టడం, కట్లు బిగించడం ఎక్కించే ముందే పూర్తి కావాలి.

మొదట చూడాల్సింది ధారగా పోయే రక్తం. కాలో చెయ్యో నలిగిపోతే టోర్నికే (రక్తం ఆపే పట్టీ) బిగించి, బిగించిన సమయాన్ని దాని మీదే రాస్తారు. తర్వాతే శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ, చలి నుంచి కాపు. చలిని చిన్న విషయంగా తీసుకోకూడదు: ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. అరకులో డిసెంబరు రాత్రి, తలుపు తీసిన హెలికాప్టర్‌లో ఒక్క దుప్పటి చాలదు.

ఎత్తు చేసే హాని కంటికి కనపడదు. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. తూర్పు కనుమల శిఖరాలు దాటాలంటే ఇంకా పైకి వెళ్లాలి. 2,000 మీటర్ల దగ్గర గాలి పీడనం తగ్గి, శరీరంలో చిక్కుకున్న గాలి సముద్రమట్టంతో పోలిస్తే నాలుగో వంతుకు పైగా ఉబ్బుతుంది. పక్కటెముక విరిగి ఊపిరితిత్తి చుట్టూ చేరిన కొద్దిపాటి గాలి, నేల మీద ఊరుకున్నదే, పైన ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. అనుమానం ఉంటే ఛాతీలో గొట్టం వేశాకే లేవాలి. శ్వాసగొట్టం చివరి బుడగలో ఒత్తిడిని ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ సరిచూడాలి.

ఈ కొండల్లో పనిచేసేవారి శిక్షణలో డోలీకి కూడా చోటుండాలి. రోడ్డు లేని గూడేల నుంచి రోగిని ఇప్పటికీ దుప్పటిలో చుట్టి, కర్రకు కట్టి, ఇద్దరు భుజాన మోసుకొస్తారు. 2005లో మొదలైన 108 అంబులెన్స్ కూడా రోడ్డు దాకే రాగలదు. డోలీలో మనిషి ముడుచుకుని ఉంటాడు. మెడ వంగుతుంది, ముఖం కనపడదు. కాబట్టి దింపగానే మెడను కదలనివ్వకుండా పట్టుకుని, దుప్పటి విప్పి, వీపు దాకా చూడాలి. మోసుకొచ్చినవాళ్లను, దెబ్బ ఎప్పుడు తగిలిందో, దారిలో మాట్లాడాడో లేదో అడగాలి. వాళ్లు చెప్పేది మానిటర్ చెప్పలేదు.

విశాఖలోని నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి లాంటి చోట అప్పగించేటప్పుడు నాలుగు సంగతులు చెప్పాలి: దెబ్బ ఎలా తగిలింది, ఏం కనిపించింది, ఏం చేశారు, ఏ సమయానికి. ఆ సమయాల్లో టోర్నికే బిగించిన సమయం ముందుగా రావాలి.