రేజరు మెడమీది అంకెలు

గడ్డము గీసికొనుటకు వాడు సేఫ్టీ రేజరులలో, బ్లేడునకును దాని క్రింది కావలి అంచునకును నడుమనున్న సందును మన యిచ్చవచ్చినట్లు హెచ్చింపను తగ్గింపను వీలుగా నిర్మింపబడిన జాతి యొకటి కలదు. దాని మెడమీదనో పిడి యడుగుననో ఒక చక్రముండును. ఆ చక్రముపై ఒకటి మొదలు అయిదు వరకో, ఆరు వరకో, తొమ్మిది వరకో అంకెలు చెక్కియుండును. ఈ అంకెలను చూచినవారిలో పలువురికి తోచు మొదటి భావమేమనగా, చిన్న అంకె సౌమ్యమైనది, పెద్ద అంకె తీక్ష్ణమైనది, కావున చర్మము సుకుమారముగా నున్నవాడు ఒకటిని విడిచి కదలరాదు అని. ఈ భావములో సగము నిజమున్నది. నిజము కాని తక్కిన సగము వలననే పెక్కుమంది మెడలు ప్రతి యుదయమును మండుచున్నవని నా దృఢవిశ్వాసము. ఈ వారము దానిని గూర్చియే వ్రాయదలచితిని.

సందు చేయు పని యేమో ముందుగా తెలిసికొనవలెను. రేజరు తలలో మూడు అంగములున్నవి: పైన వంపు తిరిగిన మూత, నడుమ బ్లేడు, క్రింద కావలి అంచుగల పలక. మూత అంచును కావలి అంచును చర్మమున కానినప్పుడు ఆ రెంటిని కలుపుచు ఒక సమతలము ఏర్పడును. బ్లేడు వాదర ఆ తలమునకు లోపలగా నున్నచో కోత మెత్తన. సరిగా ఆ తలముననే యున్నచో మధ్యమము. ఇంచుక వెలుపలికి వచ్చినచో తీక్ష్ణము. చక్రమును పెద్ద అంకె వైపు త్రిప్పగా కావలి అంచు బ్లేడునకు దూరమై, సందు పెరిగి, వాదర మునుపటికంటె ఎక్కువగా చర్మమునకు ఎదురగును. బ్లేడు మందమే మిల్లీమీటరులో పదవ వంతు. దాని చుట్టును జరుగు ఈ మార్పులు కంటి కానునవి కావు గాని చెంప వానిని తప్పక గుర్తించును. వడ్రంగి చిత్రిక పట్టునపుడు అడుగునుండి ఇనుప నాలుక యెంత వెలికి వచ్చునో చెక్కపై పొర అంత మందముగా లేచును గదా! పోలికకై వెదకి తెచ్చిన మాట కాదిది. 18వ శతాబ్దిలో ప్యారిస్ నగరమున కత్తులు చేసి జీవించిన జాన్ జాక్ పెరే అను పనివాడు, క్షురకత్తి చర్మమున లోతుగా దిగకుండుటకై దానికి కొయ్యతో ఒక కావలి తొడిగినపుడు, చిత్రికనే ఆదర్శముగా గైకొనెనని ఈ చరిత్ర నెరిగినవారు చెప్పుదురు.

పారవేయదగిన పలుచని బ్లేడును లోకమునకు అలవాటు చేసిన కింగ్ క్యాంప్ జిలెట్ తన రేజరునకు పేటెంటు కోరినది 1901లో. అది చేతికి వచ్చినది 1904 నవంబరులో. కాగితమువంటి ఉక్కురేకునకు వంకరపోకుండ పదను నిలుపు విద్యను విలియం నికర్సన్ అను ఇంజనీరు సాధించి యుండకపోయినచో ఆ యూహ యూహగానే మిగిలియుండెడిది. 1903లో అమ్ముడైనవి 51 రేజరులు, 168 బ్లేడులు మాత్రమే. మరుసటి యేట రేజరులు తొంబది వేలు దాటినవి. మన ప్రస్తుతమునకు ముఖ్యమైన సంగతి వేరు. అంకెలు లేని ఆ మొదటి మూడు ముక్కల రేజరులోనే సర్దుబాటు దాగియున్నది: పిడిని గట్టిగా బిగించినచో బ్లేడు బాగుగా వంగి కావలి అంచునకు దగ్గరయై మెత్తగా గీయును, పిడిని కొలదిగా సడలించినచో బ్లేడు కొంత చాచుకొని దూరమై దగ్గరగా గీయును. ఆ సడలింపునకు చేతి తెలివియే కొలత. దానిని చక్రమునకును అంకెలకును అప్పగించిన రేజరులలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినది 1958లో జిలెట్ కంపెనీవారు విపణిలోనికి తెచ్చిన తొమ్మిది అంకెల రేజరు. దాని వెల 1 డాలరు 95 సెంట్లు; ఆ వెలనుబట్టియే కంపెనీవారు దానికి పేరు పెట్టిరి గాని, లావైన పిడిని చూచి జనులు ఫ్యాట్‌బాయ్ అని పిలిచిరి. 1961లో దాని స్థానమున సన్నని పిడిగల స్లిమ్ వచ్చినది. నేడు క్రొత్తగా కొనదలచువారికి జర్మనీలోని జోలింగెన్‌లో తయారగు మెర్కూర్ రేజరులు, ఆరంకెల ఫ్యూచర్, అయిదంకెల ప్రోగ్రెస్, దొరకుచున్నవి. వీనిలో ఒకదాని 1 మరియొకదాని 1తో సమానము కాదని మాత్రము గట్టిగా చెప్పవలెను. ఫ్యూచర్ తన తొలి అంకెలలోనే చాలినంత తీక్ష్ణమైనది; మిత్రుడెవడో తన రేజరులో 4 హాయిగా నున్నదని చెప్పెనని మన రేజరును 4కు త్రిప్పుట నిరర్థకము.

మన తెలుగు ఇండ్లలో తరతరములుగా వాడినవి అంకెలు లేని మూడు ముక్కల రేజరులే. వానికి ముందు, వానితోపాటు, నాయీబ్రాహ్మణుల చేతిలోని మంగలి కత్తి. నా బాల్యమున మా యూరి వృద్ధ క్షురకుడొకడు అరుగుమీద కూర్చుండి పని చేయుచుండగా నేను చెంతనుండి చూచెడివాడను. సబ్బు పూయుటకు ముందే ఆయన చన్నీళ్ళతో గడ్డమును చాలసేపు వ్రేళ్ళకొనలతో మర్దించెడివాడు. ఆ మర్దనములో సగము మొలకలను నానబెట్టుటకు, సగము అవి యే యే తావుల ఏ వైపునకు వాలియున్నవో తెలిసికొనుటకు అని పెద్దయైన పిమ్మటగాని నాకు బోధపడలేదు. ఎడమచేతి బొటనవ్రేలితో చర్మమును సాగదీసి పట్టి, చెంప పలకమీద కత్తిని ఒక తీరుగా వాల్చి, దవడ యెముక వచ్చుసరికి దాదాపుగా పరుండబెట్టి, చుబుకము క్రింది గుంటలో కొంచెము లేపి, కంఠమణి ప్రక్కన మరల వాల్చి, అడుగడుగునకు కోణమును మార్చుచు ఆయన సాగించు పనిలో ఒకే కొలత రెండు తావులలో వాడబడుట నేను చూడలేదు. ఆ మణికట్టు ఎరిగిన విద్యలో ఒక చిన్న భాగమును మాత్రమే చక్రము మనకు ఇచ్చుచున్నది. తక్కినదంతయు, అనగా నానబెట్టుట, వాలు తెలియుట, చర్మము సాగదీయుట, ఒత్తిడి లేకుండుట, నేటికిని చేతి పనియే.

చిన్న అంకె ఎల్లవేళల మెత్తన యేల కాదో ఇప్పుడు చెప్పవచ్చును. బ్లేడు చర్మముమీద ఒకసారి నడచిన ప్రతిసారియు వెండ్రుకతోపాటు పై చర్మపు పొరను కొంత గీకికొని పోవును. మోటు గడ్డముగలవాడు సందును అతి చిన్నదిగా ఉంచుకొన్నచో, మొదటి గీత వెండ్రుకలలో కొన్నింటిని కోసి కొన్నింటిని విడుచును. అతడు అదే తావున రెండవమారు, మూడవమారు గీయును. అప్పటికిని నునుపు చేతికి తగులకున్నచో తెలియకయే ఒత్తి పట్టును. నురుగు ఎప్పుడో పోయి, ఎండిన చర్మముమీద బ్లేడు నడచుచుండును. ఒక గీతతో తీరవలసిన పనికి నాలుగు గీతలు ఖర్చయినవి. ఆ నాలుగును సౌమ్యమైన గీతలే యైనను, చర్మము అనుభవించునది వాని మొత్తమును. ఆ పైన ఒత్తిడికి చర్మము కావలి అంచు ముందు ఉబ్బి సందులోనికి పొంగును. సందు చిన్నదైనందువలన కలిగిన రక్షణయంతయు అంతటితో పోయినట్లే. కనుక సుఖము అంకెలో కాక గీతల లెక్కలో ఉన్నదని నా సిద్ధాంతము. ఒత్తిడి యేమియు లేక, రేజరు తన బరువుతోనే నడచుచు, వాలుగీతలో, అనగా వెండ్రుక వాలిన వైపునకే గీచిన గీతలో, అధికభాగమును కోసివేయగల అంకెలలో ఏది అన్నింటికంటె చిన్నదో అదియే నీ అంకె.

అంతకు మించి పెంచుటయు మేలు కాదు. సందు అవసరమునకు మించినపుడు చర్మము ముందుగానే చెప్పును: గీసిన వెంటనే చుబుకపు మూలలయందును దవడ మలుపునను సూదిమొనలంత నెత్తురుచుక్కలు, పటిక రాచినపుడు ఒక తావున కాక ముఖమంతటను మంట, మరునాడు మెడపై ఎర్రని పొక్కులు. ఉంగరములు తిరిగిన వెండ్రుకగలవారు ఈ పొక్కుల విషయమున మరింత జాగరూకులై యుండవలెను. మితిమీరి దగ్గరగా కోయబడిన వెండ్రుక కొన చర్మపు మట్టమునకు దిగువకు పోయి, మరల పెరుగునపుడు బయటి దారి కానక లోనికే వంగును. అట్టివారికి అద్దమువంటి నునుపు కోరదగినదే కాదు. చెంపపై చేయి వేసినపుడు కొంచెము గరుకు తగులుట వారికి ఆరోగ్యలక్షణమే.

అంకెను వెదకు విధానమున నేనెరిగిన నియమమొకటే: ఒకసారి ఒకదానినే మార్చవలెను. బ్లేడును మార్చినవాడు అంకె జోలికి పోరాదు. అంకెను మార్చినవాడు సబ్బును మార్చరాదు. అయిదంకెల రేజరులో రెండును, తొమ్మిదంకెల రేజరులో మూడునో నాలుగునో పెట్టుకొని, ఒక బ్లేడు ఆయువు తీరువరకు దానితోనే గీసికొని, పిమ్మట ఒక్క అంకె పైకో క్రిందికో జరుపవలెను. తొలినాటి బ్లేడు వేరు, మూడవనాటి బ్లేడు వేరు. ఈ రెంటిని చూడకుండ ఒక అంకెకు తీర్పు చెప్పరాదు. గీయునపుడు ఫ్యాను ఆపి చెవియొగ్గి వినుడు: తగిన సందులో, తగిన కోణములో మొలకలు తెగునపుడు గరగరమను సన్నని ధ్వని స్పష్టముగా వినవచ్చును, సందు చాలనపుడు ఆ ధ్వని అడుగంటును. అంకె మారినపుడు పిడిని పట్టు కోణమును ఇంచుక మార్చుకొనవలసి యుండునని మరువరాదు. ముందుగా మూత అంచును చెంపకు ఆన్చి, బ్లేడు తగులువరకు పిడిని మెల్లగా దించినచో కోణము దానంతటదియే దొరకును. ఫ్యాట్‌బాయ్ వంటి పాత రేజరులలో చక్రము త్రిప్పుటకు ముందు అడుగు మరను కొంచెము సడలించుట రేజరునకు మేలు.

ముఖమంతటికి ఒకే అంకె యను నియమమేదియు లేదు. చక్రమున్నందుకు దానిని నడుమ త్రిప్పుటయే న్యాయము. గడ్డము దినమునకు మిల్లీమీటరులో సుమారు మూడవ వంతు పెరుగును. రెండు మూడు దినములు విడిచిన గడ్డమునకు మొదటి గీతను పెద్ద అంకెతో ప్రారంభించి, మొలకలు పొట్టియైన పిమ్మట రెండవ గీతకు అంకెను దించుట ఉత్తమము. నేను ప్రోగ్రెస్ రేజరులో చెంపలకు 3ను, మెడకు 2ను వాడుచున్నాను. మెడ విషయమున అంకెకంటెను వాలు ముఖ్యము. చెంపలపై వెండ్రుకలు సాధారణముగా క్రిందికి వాలియుండును గాని, దవడ దిగువన పలువురికి అవి పైకి తిరుగును, ప్రక్కకు పండుకొనును, కంఠమణి చుట్టు సుడి తిరుగును. పైనుండి క్రిందికి గీయుచు వాలుగీత గీయుచున్నామని తలచువాడు, మెడమీద నిజమునకు ఎదురుగీత గీయుచుండవచ్చును. ఒక సాయంకాలము వ్రేలికొనతో నలువైపుల నిమిరి చూచినచో ఈ చిక్కు విడిపోవును.

నీటిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. నానిన వెండ్రుక ఉబ్బి మెత్తబడి తేలికగా తెగును. అందులకు రెండు మూడు నిమిషములైనను తడి నిలువవలెను. బోరునీళ్ళు తప్ప వేరు గతిలేని హైదరాబాదు శివారులలోను, అనంతపురము వంటి మెట్టసీమలలోను, నీటిలోని సున్నపు లవణముల వలన సబ్బు నురుగు కట్టక తెట్టగా విరిగిపోవును. ఆ విరిగిన నురుగుతో ఏ అంకెయు సుఖమీయదు. అట్టిచోట వడపోసిన మంచినీరు ఒక్క గిన్నెడు బ్రష్షునకు కేటాయించుకొని, అంకెను యథాస్థానమున ఉంచుడు. బ్లేడు ముదిమి కూడ ఇట్టిదే. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పరిశోధకులు 2020లో సైన్స్ పత్రికలో ప్రకటించిన ప్రయోగములలో, ఉక్కుకంటె ఏబది రెట్లు మెత్తనైన వెండ్రుక, కోత సమయమున వంగినపుడు, బ్లేడు వాదరనుండి సూక్ష్మమైన పెచ్చులు ఊడగొట్టుట కనబడినది. పెచ్చులూడిన వాదరను పెద్ద అంకెతో సరిదిద్దజూచుట చర్మమునకు కీడు. క్రొత్త బ్లేడు వెల కొలది రూపాయలే.

మీసకట్టు నల్లబడుచున్న కుమారునికి రేజరు చేతికిచ్చు తండ్రులు ఒక సంగతిని గమనింపవలెను. తండ్రి రేజరు తండ్రి అంకెతోనే స్నానపు గదిలో ఉండును. పిల్లవాని నూగునకు ఆ సందుతో పనియే లేదు. వాని చేతికిచ్చుటకు ముందు చక్రమును అన్నింటికంటె చిన్న అంకెకు త్రిప్పి, క్రొత్త బ్లేడు వేసి, ఎదురుగీత వలదని చెప్పి, మొదటి కొన్ని మారులు ప్రక్కన నిలువుడు. వాని గడ్డము మోటుదేరి, ఒక్క వాలుగీతకు లొంగనప్పుడు, రెండవ అంకెకు త్రిప్పుటెట్లో వానికి చూపవచ్చును.