ఉపాధ్యాయుని చేతి యిరువది మార్కులు

పదవ తరగతి విద్యార్థులకు మార్కులీయవలెనా, గ్రేడులీయవలెనా యను వివాదము తెలంగాణమున మఱల తలయెత్తినది. 2024 నవంబరు 28వ తేదీ నాటి ప్రభుత్వపు టుత్తరువు గ్రేడు పాయింట్ల సరాసరిని తొలగించి మార్కులను పునరుద్ధరించెను. పాఠశాలలో నుపాధ్యాయుడు వేయు 20 అంతర్గత మార్కులను గూడ రద్దుచేసి, 100 మార్కులను వ్రాతపరీక్షకే యప్పగించెను. మఱునాడే యీ రెండవ భాగము సవరింపబడి, రద్దు 2025-26కు వాయిదాపడెను. ఆ యేడు రాగా, ఆగస్టులో 80, 20ల పద్ధతియే నిలిచినది.

గ్రేడుల కొఱకు దుఃఖింప బనిలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2012లో నవి ప్రవేశించినపుడు ర్యాంకుల వేటను మాన్పుటయే యుద్దేశము. కాని పెక్కు విషయములలో 91 మొదలు 100 వఱకు నొకే గ్రేడు. 90 వచ్చినవాడు మెట్టు దిగును. ఒక్క మార్కు భేదమును కొండంత చేసి, తొమ్మిది మార్కుల భేదమును మఱుగుపఱచు కొలత న్యాయమెట్లగును? వేటయు మానలేదు. మాదాపూరు మొదలు మియాపూరు వఱకు ప్రకటన ఫలకములపై ర్యాంకులకు మాఱుగా "పదికి పది" వెలసినది.

అసలు ప్రశ్న యా 20 మార్కులది. ఏడాదిలో నాలుగు మాఱులు బాలుని పఠనమును, వ్రాతపనిని, ప్రాజెక్టును, చిన్న పరీక్షను జూచి, ఆ నాలుగింటి సరాసరిని వేయవలెను. మూడు గంటల పరీక్ష చూడజాలనిదానిని ఏడాది పొడుగునను వానితో నున్నవాడు చూచునని దీని భావము. మఱి చూచినది చెప్పుచున్నాడా?

నా తప్పు నొప్పుకొందును. లోగడ నేను పనిచేసిన యొక పాఠశాలలో ఒక బాలుడు తోటివాని ప్రాజెక్టును నకలు చేసి తెచ్చెను. 13 మార్కులు వేసితిని. ప్రధానోపాధ్యాయుడు పిలిచి, "పొరుగు బడిలో అందఱకు 20 వేయుచుండగా మన పిల్లలకేల యీ నష్టము?" అనెను. నేను 19గా దిద్దితిని. నాటి నుండి ఆ బాలుడు నా మాటను లక్ష్యపెట్టలేదు. వానిని నిందింపజాలను.

కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున నిరువురు నాట్యాచార్యులలో నధికుడెవ్వడని కలహము పుట్టగా, శిష్యుల ప్రదర్శనమును బట్టి నిర్ణయింప దలచిరి. అయితే తీర్పు చెప్పునది ఆచార్యులు కారు, వేఱొకతె. మనమో, ఫలితమును బట్టి యుపాధ్యాయుని విలువ కట్టుచు, ఆ ఫలితములో నైదవ వంతును వాని చేతికే యిచ్చితిమి. అబద్ధమాడుమని యింతకంటె చెప్పవలెనా?

"ప్రైవేటు బడులు ధారాళముగా వేసికొనుచుండగా సర్కారు బడి బిడ్డ నష్టపోవుచున్నాడు, గావున రద్దుచేయుడు" అను వాదము తేలికది కాదు. కాని త్రాసు చెడినచో దిద్దవలెను గాని తూచుటయే మానరాదు. ఒక బడి పుస్తకములను మఱియొక బడివారు పరిశీలింపవలెను. వ్రాతపరీక్షకును అంతర్గత మార్కులకును మిక్కిలి వ్యత్యాసమున్నచోట కారణ మడుగవలెను. మార్కు తగ్గించిన యుపాధ్యాయుని కుద్యోగభయ ముండరాదు.

సైబరాబాదు కార్యాలయములలో పనిచేయు తలిదండ్రులారా, ఏటేట మీ పనికిని పైయధికారి యొక యంకె వేయును. ఆ యంకె మీ శ్రమ నెంత చెప్పునో, ఎంత దాచునో మీ రెఱుగుదురు. మీ బిడ్డ 20కి 20 తెచ్చిన దినమున సంతసింపుడు గాని, ఒక్కమాఱా నోటుపుస్తకమును గూడ తెమ్మని యడుగుడు.