ప్రిజర్వేషన్ హాల్ జాజుమేళము: సంప్రదాయరక్షణ విచారము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో లూయీసియానా రాష్ట్రమునకుఁ జెందిన న్యూ ఆర్లియన్సు నగరమున, సెయింట్ పీటర్ వీధిలో 726వ సంఖ్యగల ప్రాఁతయిల్లొకటి కలదు. దానికిఁ బ్రిజర్వేషన్ హాల్ అని పేరు. రక్షణశాల యని యర్థము. 1961వ సంవత్సరమున నచట జాజు సంగీతగోష్ఠు లారంభమైనవి. 1963 మొదలుకొని యా శాల పేరనే యొక మేళము పరనగరములకుఁ బోయి వాయించుచున్నది. అఱువదియేండ్లు గడచినవి. మొదట వాయించిన వృద్ధులలో నొక్కరును నేఁడు లేరు. మేళము మాత్రము కలదు. మనుష్యులందఱును మాఱిన పిమ్మట నొక మేళమును 'అదియే యిది' యని చెప్పుట కాధారమేమి? పేరా, పాటలా, వాదనరీతియా? రక్షణ యని పేరు పెట్టుకొన్న శాల రక్షించిన దేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముం దీ సంగీతముయొక్క లక్షణమును సంగ్రహముగాఁ దెలిసికొనవలయును. న్యూ ఆర్లియన్సు ప్రాఁతరీతి జాజులో వాద్యములు రెండు పంక్తులుగా నుండును. ముందుపంక్తిలో నూదువాద్యములు మూఁడు: ట్రంపెట్టు, క్లారినెట్టు, ట్రాంబోను. వెనుకపంక్తిలో బాంజో, పియానో, బాసు లేక ట్యూబా, డ్రమ్ములు. వెనుకవారు లయను, స్వరసంవాదమును నిలుపుదురు. ముందువారిలో ట్రంపెట్టు పాటను బలుకును. క్లారినెట్టు పైస్థాయిలో దాని నల్లుకొని సంచరించును. ట్రాంబోను క్రిందిస్థాయిలో స్వరమునుండి స్వరమునకు జాఱుచు నాధారమిచ్చును. ఈ మువ్వురును మనోధర్మముచే నేకకాలమున వాయింతురు. మన గాయకుఁడు కల్పనస్వరము పాడునపుడు తక్కినవా రతనిని వెంబడింతురు. ఇచట మువ్వురును గల్పించువారే, మువ్వురును వెంబడించువారే. కావున నొండొరులను వినుటయే యీ రీతికిఁ బ్రాణము. ఒకఁడు తన నేర్పును మితిమీఱి చూపెనేని తక్కిన యిరువురకును జోటు లేకపోవును. ఔచిత్యమను గుణమునకు మన యాలంకారికు లిచ్చిన స్థానమును వినికిడి కీ వాదకు లిచ్చిరని చెప్పవచ్చును.

ఈ రీతి 20వ శతాబ్దారంభమున నా నగరపు నల్లజాతివారి నృత్యశాలలందును, శవయాత్రలందును, ఊరేఁగింపులందును బెరిఁగినది. 1922లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగు షికాగోకుఁ దరలెను. ఆతనివలెఁ దరలిపోయినవారిని గీర్తి యనుసరించినది. ఊర నిలిచినవారిలోఁ బెక్కురు పగలు కూలిపనులు చేయుచు రాత్రులందు వాయించిరి. క్లారినెట్టు వాదకుఁడు జార్జి లూయిసు రేవులో బరువులు మోసెను. బాంజో వాదకుఁడు నార్విన్ కింబాల్ తపాలాశాఖలో నుత్తరములు పంచెను. 1940వ దశకమునఁ గొందఱు సంగ్రాహకులు వీరిని వెదకి, బంక్ జాన్సను, లూయిసు మున్నగువారి వాదనమును ధ్వనిముద్రికల కెక్కించిరి. తరువాత లారీ బోరెన్‌స్టైన్ అను చిత్రవిక్రేత తన చిత్రశాలలో వృద్ధవాదకులచే వాయింపించుచుండెను. 1961లో నలన్ జాఫీ, సాండ్రా జాఫీ యను దంపతులు దాని నిర్వహణమును స్వీకరించిరి. అలన్ తానును ట్యూబా వాయించువాఁడు. తెల్లవారును నల్లవారును గలసి కూర్చుండరాదను కట్టుబాట్లు దక్షిణరాష్ట్రములలోఁ బ్రబలియున్న కాలమది. ఈ శాలలో నిరుతెగలవారును గలసి వినిరి. అచట మద్యము లేదు, ధ్వనివర్ధకయంత్రము లేదు. కొన్ని బల్లలును, నేలపైఁ గొన్ని మెత్తలును మాత్ర ముండెను. ఈ లేమియు నొక రక్షణోపాయమే. యంత్రము లేనిచో వాదకుఁడు తోడివాని ధ్వనినిబట్టి తన ధ్వనిని దగ్గించుకొనక తప్పదు.

ఈ మేళమునందు విమర్శకులు చూపిన మొదటి దోషము వాదనవైకల్యము. వృద్ధుల శ్రుతి తప్పుచున్నదనియు, స్వరములు తడఁబడుచున్నవనియు, మెచ్చువారు జాలిచే మెచ్చుచున్నారనియు వారి యాక్షేపము. ఇందుఁ గొంత సత్యము కలదు. కాని 1964 అక్టోబరులో మినియాపొలిస్ నగరమున ముద్రితమైన స్వీట్ ఎమ్మా కచేరిని శ్రద్ధతో వినుఁడు. పియానోకు స్వీట్ ఎమ్మా బారెట్టు, ట్రంపెట్టునకుఁ బెర్సీ హంఫ్రీ, క్లారినెట్టునకు నాతని యన్న విల్లీ హంఫ్రీ, ట్రాంబోనునకు జిమ్ రాబిన్సను, బాంజోకు నిమాన్యుయల్ సేల్సు, బాసునకు నాల్సైడ్ పావజో, డ్రమ్ములకు సై ఫ్రేజియరు. పెర్సీ పలుకు స్వరములు కొద్ది. పాటయొక్క వాక్యమును ముగించి యాతఁ డాఁగును. ఆ యెడములోనికి విల్లీ క్లారినెట్టు ప్రవహించును. రాబిన్సను రెండుమూఁడు జాఱుస్వరములతో నిరువురను గలుపును. ఫ్రేజియరు డ్రమ్ములయం దూరేఁగింపు నడక వినఁబడును. ఒక్కొక్కని వాదనమును విడఁదీసి తూఁచినచో నందు లోపములు గానవచ్చును. ఏడుగురను గలిపి విన్నపు డా లోపములు పూరింపఁబడుచున్నవి. పద్యమున నొక్క పదమును విడఁదీసి రసము లేదనుట యెట్టిదో, యీ యాక్షేపము నట్టిదే.

ఎమ్మా చరిత్ర మిందుకు నిదర్శనము. 1897లోఁ బుట్టిన యామె 1923లోనే సెలెస్టిన్‌గారి టక్సీడో మేళమునఁ జేరినది. ఎఱ్ఱటోపియు, మోకాలిపట్టీలకు గజ్జెలును ధరించి వాయించెడిది. 1967లోఁ బక్షవాతముచే నెడమచేయి పడిపోయినను గుడిచేతితోడనే వాయింపు సాఁగించి, 1983లోఁ గాలధర్మము నొందినది. ఏకాకియైన పియానోవాదకురాలికిఁ జేయి పోయినఁ గళ పోయినట్లే. ఈ మేళమున నెడమచేతి భారమును బాంజోయు బాసును వహించినవి. ఇది జాలివలనఁ గలిగిన సర్దుబాటు గాదు. ఆ సంగీతరచనయందే యున్న యవకాశము.

వీరందఱును జదువెఱుఁగని సహజవాదకు లనుట మఱియొక పొరపాటు. లూయిసు స్వరలిపి చదువఁజాలకుండుట నిజమే. కాని విల్లీ, పెర్సీలకుఁ దాత జేమ్సు హంఫ్రీ సంగీతాచార్యుఁడు. ఆతఁడు రైలుబండిమీఁదఁ జెఱకుతోఁటలకుఁ బోయి, యచటి కూలివాండ్రకు వాద్యములును స్వరలిపియు నేర్పెను. విల్లీ షికాగో మొదలగు నగరములలో వాయించి మరలివచ్చినవాఁడు. లిపి తెలిసినవాఁడును దెలియనివాఁడును నొకే వేదికపైఁ గూర్చుండి సమముగా వాయించిరి. కనుక నీ సంప్రదాయము లిఖితమనుటయు సరిగాదు, కేవల మౌఖికమనుటయు సరిగాదు. అది సాహచర్యమున నిలుచునట్టిది. పక్కనఁ గూర్చుండి వాయించుటయే పాఠము.

రెండవ యాక్షేపము మొదటిదానికంటె గట్టిది. ఈ శాల ప్రదర్శనశాలవంటిదనియు, నల్లజాతి వృద్ధుల కళను యాత్రికుల వినోదమునకై గాజుపెట్టెలోఁ బెట్టినదనియు నందురు. శాలలోని ధరలపలక వారికి సాక్ష్యమిచ్చును. 'వెన్ ది సెయింట్స్' అను ప్రసిద్ధగీతమును గోరువారు తక్కిన పాటలకంటె నెక్కువ సొమ్మీయవలెనని యా పలకపై వ్రాసియుండెను. అది వినోదార్థ మనుకొన్నను, ఆ పాటనే వాయించి వాయించి విసిగినవారి యలసట యం దిమిడియున్నది. ప్రతిరాత్రియు శ్రోతలు క్రొత్తవారైనచో, వారు కోరునది యెఱిఁగిన పాటయే యైనచో, మేళము పెరుగుటకు బలమైన యడ్డంకి యేర్పడును. ఈ దోషమును మనము కప్పిపుచ్చఁగూడదు.

ఐనను శాల తన్ను దానే యీ యాక్షేపమునుండి విడిపించుకొన యత్నించినది. అలన్ 1987లో మరణించెను. కుమారుఁడు బెన్ జాఫీ 1993లోఁ జదువు ముగించుకొని వచ్చి నాయకత్వమును వహించెను. 2005లోఁ గట్రీనా తుపాను నగరమును ముంచినపుడు మూఁతపడిన శాల మరుసటియేఁడు తెఱవఁబడెను. 2013లో 'దట్స్ ఇట్' అను ముద్రికను వెలువరించిరి. అందలి పాటలన్నియుఁ గ్రొత్తరచనలే. రక్షణశాలవారు క్రొత్తపాటలు గట్టుట తగునా యని కొందఱు శంకించిరి. పాటయే సంప్రదాయమని భ్రమించుటవలన నీ శంక గలిగినది. అందు క్లారినెట్టు, శాక్సొఫోనులు వాయించిన చార్లీ గాబ్రియేలు 1932లోఁ బుట్టినవాఁడు. బాల్యముననే, 11వ యేఁట, యురీకా మేళమున వాయించినవాఁడు. ఆ యురీకా మేళమునకే పెర్సీ హంఫ్రీ పిమ్మట నాయకుఁడయ్యెను. సాహచర్యపరంపర తెగలేదు. కనుకనే క్రొత్తపాటలలోను బ్రాఁతవినికిడి నిలిచినది.

2017లో వెలువడిన 'సో ఇట్ ఈజ్' అను ముద్రికయెడ మాత్రము మాకు సంపూర్ణసంతుష్టి లేదు. క్యూబా యాత్రానంతరము గట్టిన యా పాటలలో నా దేశపు లయలు ప్రధానము. లయ పరకీయమని దూషించుట తగదు. న్యూ ఆర్లియన్సు జాజులో స్పానిష్ లయచ్ఛాయ యుండవలెనని జెల్లీ రోల్ మోర్టను మునుపే చెప్పియున్నాఁడు. మా యసంతుష్టికి హేతువు వేఱు. అందుఁ బెక్కుచోట్ల నూదువాద్యము లన్నియుఁ గలసి యొకే పలుకును మరల మరలఁ బలుకును. మువ్వురి సంభాషణము వెనుకకుఁ దగ్గినది. శ్రోత కాలు కదలును గాని, యొకఁ డాఁగినపుడు మఱియొకఁడు పూరించు నా సున్నితమైన మర్యాద యరుదుగా వినఁబడును. మనుష్యులు పోయినను బాటలు మాఱినను బోని సంప్రదాయ మీ మర్యాద తొలఁగినచోఁ బోవఁగలదు.

కావున మొదటి ప్రశ్నకు మా సమాధాన మిది. ఆ శాల వృద్ధులను రక్షింపలేదు. కాలమునుండి వారి నెవ్వరును రక్షింపఁజాలరు. పాటలను రక్షించుటకు ముద్రికలు చాలును. తోడివానికిఁ జోటిచ్చి వాయించుటను రక్షించుటకు మాత్రము సజీవమైన మేళము కావలయును. ఆ పని యీ మేళము చాలవఱకుఁ జేసినది. ఇఁకమీఁదఁ జేయుచున్నదో లేదో తెలిసికొనఁ గోరువారు పాటల పట్టికను జూడక, ట్రంపెట్టు మౌనము వహించు నా యొకటిరెండు మాత్రలను జెవియొగ్గి వినవలయును.