తోక మొదలు చూడు

మంగళవారం బజారులో గంప ముందేసుకుని కూర్చున్న మనిషి దగ్గర పుంజుపిల్ల ఒక్కటీ ఉండదు. "అసల్ గావరాన్ (అచ్చం నాటు), అన్నీ పెట్టలే" అని మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి ఒట్టు పెడతాడు. షోలాపూర్ పూర్వభాగ్‌లో ఆ ఒట్టును నమ్మేవాళ్లు లేరు, కొనేవాళ్లు మాత్రం ఉన్నారు. నెల లోపు పిల్ల చౌక. గుడ్డుకు దగ్గరపడ్డ పెట్ట ధర వేరు. ఆ తేడాలో కొంత మేత ఖర్చు, మిగతాది సందేహం తీర్చినందుకు ఇచ్చే కూలి.

మా సందుల్లో కోళ్లకంటూ పెరడు లేదు. 1877లో ఇక్కడ మొదటి మిల్లు నడిచిన దగ్గర్నుంచి కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చి చేరిన పద్మశాలి కుటుంబాలు ముందు మగ్గానికి చోటు చూశాయి. మిగిలింది మనుషులది. మనుషులకు పోగా మిగిలిన మెట్ల కింది జాగా కోళ్లది. పవర్‌లూమ్ షెడ్డు పక్కన పెరిగే పిల్లకు పిల్లితో ఎంత భయమో వేస్టు దారంతోనూ అంతే. కాలికి చుట్టుకుందంటే నడిచేకొద్దీ బిగుస్తుంది. 2006లో కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరున బీడీ కార్మిక స్త్రీలకు పదివేల ఇళ్లు వచ్చాక, అటు వెళ్లినవాళ్లకు కాస్త ఆరుబయలు దొరికింది. తునికాకు కత్తిరిస్తూనే ఓరకంటితో మందను లెక్కపెట్టుకునే ఆడవాళ్లు అక్కడ వాకిలికొకరు కనిపిస్తారు.

ఆ మందలో జాతి మాత్రం అడగొద్దు. ఎవరి బావమరిదో ఊరినుంచి సంచిలో తెచ్చిన అసీల్ పుంజు, హైదరాబాద్ రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా తాలూకు సంతానం, ఎర్రటి రోడ్ ఐలాండ్ రెడ్, నల్లమాంసం మోజులో కొన్న కడక్‌నాథ్, ఏ తరంలో కలిసిందో తెలియని అడ్డగీతల ప్లిమత్ రాక్ రక్తం. అన్నీ ఒకే మోరీ గట్టున తిరుగుతాయి, ఒకే గంప కింద పడుకుంటాయి.

పిల్లను చూసి పుంజా పెట్టా అని చెప్పే విద్య ఇంటికొకటి. మెడ వెనక చర్మం పట్టి ఎత్తితే కాళ్లు ముడుచుకున్నది పెట్ట, వేలాడేసింది పుంజు. గుడ్డు మీద సూదికి దారం కట్టి పట్టుకుంటే గుండ్రంగా తిరిగితే పెట్ట, అటూ ఇటూ ఊగితే పుంజు. కొన తేలిన గుడ్డయితే పుంజు, గుండ్రటిదయితే పెట్ట. ఈ గుడ్డు ఆకారం గోల మనవాళ్లదే అనుకోకండి. పొడుగు గుడ్లలో ఆడవి ఉంటాయన్నాడు అరిస్టాటిల్. నాలుగు వందల ఏళ్ల తరువాత రోమ్‌లో ప్లినీ, కాదు, గుండ్రటి వాటిలో ఉంటాయన్నాడు. ఇద్దరి శిష్యులకూ సగం సార్లు నిజమై ఉంటుంది. ఆడా మగా దాదాపు సమానంగా పుట్టేచోట ఏ పరీక్ష పెట్టినా సగం నెగ్గుతుంది, ఆ సగం ఆసరాతోనే ఈ విద్యలు ఇన్ని తరాలు బతికాయి. నిజానికి గుడ్డుకు పెంకు కట్టకముందే లోపల ఆడో మగో తేలిపోయి ఉంటుంది.

కోళ్లలో ఆ తీర్పు తల్లిది. మనుషుల్లో తండ్రి ఇచ్చే క్రోమోజోమ్‌ను బట్టి బిడ్డ ఆడో మగో అవుతుంది. కోళ్లలో రెండు రకాల క్రోమోజోములు, జడ్ ఒకటి డబ్ల్యూ ఒకటి, ఉండేది పెట్టకు. పుంజుకు రెండూ జడ్‌లే. కాబట్టి తల్లి జడ్ కొడుకులకే పోతుంది, కూతురికి జడ్ తండ్రినుంచే రావాలి. తల్లి పోలిక కొడుకుకు, తండ్రి పోలిక కూతురికి వస్తే అదృష్టమంటారు మన ఇళ్లలో. జడ్ మీద ఉన్న లక్షణాల మటుకు కోళ్లలో అది అక్షరాలా జరుగుతుంది.

హేచరీల విద్య ఈ పోలిక మీదే నడుస్తుంది. అడ్డగీతల పెట్టను గీతల్లేని ఎర్ర పుంజుతో కలిపితే గీతల లక్షణం కొడుకులకే పోతుంది. నల్లటి పిల్ల నెత్తిన తెల్లమచ్చ ఉంటే పుంజు, లేకుంటే పెట్ట. పుట్టినరోజే తేలిపోయింది. అదే జంటను తిరగేసి చూడండి. గీతల పుంజు, ఎర్ర పెట్ట. అసలు సిసలు గీతల జాతి పుంజయితే కొడుకులకూ కూతుళ్లకూ అందరికీ మచ్చ వస్తుంది, ఇక అది చెప్పేదేమీ లేదు. రెక్క విప్పి చూసే పద్ధతీ ఇంతే. ఆలస్యంగా ఈక దిగే తల్లికి, త్వరగా ఈక దిగే తండ్రికి పుట్టిన పిల్లల్లోనే అది పనిచేస్తుంది. మొదటి రోజున రెక్క అంచు ఈకలు పై వరస కంటే పొడుగ్గా ఉన్నవి పెట్టలు, రెండు వరసలూ సమానంగా ఉన్నవి పుంజులు. అమ్మానాన్నలెవరో తెలియని పిల్ల రెక్క విప్పితే, దానికి ఈక త్వరగా దిగుతుందో లేదో తెలుస్తుంది. అంతకుమించి ఏమీ తెలియదు.

అందుకే నాకనిపిస్తుంది, ఈ మచ్చలూ రెక్కలూ పిల్ల గురించి చెప్పే గుర్తులు కావని. ఆ జంటను కట్టినవాడు రాసుకున్న పద్దును అవి చదివి వినిపిస్తాయి. పద్దే లేని మందలో ఎంత చదువుకున్నవాడు వచ్చి చూసినా చదవడానికి ఏముంది?

పద్దుతో పనిలేకుండా నేరుగా పిల్ల ఒంటినే చదివే విద్య ఒకటుంది. జపాన్‌లో మసుయి, హషిమోటో అనే శాస్త్రజ్ఞులు 1920లలో దానికి దారి వేశారు. రోజు పిల్ల మలద్వారాన్ని వేళ్లతో మెల్లగా విప్పి లోపలి చిన్న బొడిపెను చూసి చెబుతారు. చేయి తిరిగినవాళ్లు గంటకు వెయ్యి దాకా తేల్చేస్తారు. 2020లో వచ్చిన 'మినారి' సినిమాలో అమెరికా వలస వెళ్లిన కొరియా దంపతుల కూలి ఇదే. పొగగొట్టంలోంచి వచ్చే ఆ పొగ ఏమిటని కొడుకు అడిగితే, మగపిల్లల్ని పారేస్తారని తండ్రి చెబుతాడు. గుడ్ల జాతుల పుంజులు గుడ్డు పెట్టవు, మాంసానికీ గిట్టవు. ప్రపంచం మొత్తంమీద ఏటా ఏడు వందల కోట్ల పిల్లలు పుట్టిన రోజే ఇలా పోతాయని అంచనా. జర్మనీ 2022 నుంచి దాన్ని నిషేధించింది.

మన దగ్గర వాటిలో కొన్ని రంగుల్లో మునిగి సైకిలెక్కి వస్తాయి. గులాబీ, ఆకుపచ్చ, ఊదా. కన్నా చౌక్‌లో ఆ బుట్ట ఆగగానే పిల్లలు మూగుతారు. చద్దర్ల నూలుకు రంగువేసే మావాళ్లు ఒకసారి చూసి "కచ్చా రంగు" అని తేల్చి పోతారు. చిత్రమేమిటంటే, మా సందులోకి వచ్చే కోడిపిల్లల్లో ఆడో మగో నిపుణుల చేత తేలి వచ్చినవి ఇవొక్కటే. దాదాపు అన్నీ పుంజులే. పెట్టని కొంటున్నాననుకుని ఎవరూ కొనరు గనక ఇక్కడ ఒట్లు కూడా ఉండవు.

మా పక్కింటి అవ్వ బీడీలు చుడుతూ మంద కాస్తుంది. పిల్లను ఆమె ముందు పెట్టి అడిగితే ఒకటే మాట. "గిప్పుడే ఏం జెప్తం బిడ్డా. తోక మొదట్ల ఈకెలు రానీ."

అంతదాకా గుర్తులు లేవని కాదు. ఐదారు వారాలకు జుట్టు ఎర్రబడి పెద్దదవుతుంటే పుంజని అంటారు. రంపపు పళ్లలా నిలబడే జుట్టున్నవాటిలో అది చాలావరకు నిజం. అసీల్ రక్తం ఉంటే జుట్టు నెత్తికి అణిగి చిన్న గడ్డలా ఉంటుంది, పుంజుకైనా ఆలస్యంగా తేలుతుంది. కడక్‌నాథ్ పోలికకు జుట్టే నలుపు, ఎరుపు కోసం చూస్తూ కూర్చోవాల్సిందే. కాళ్లు లావైతే పుంజంటారు. అసీల్ ఆడపిల్ల కాళ్లు కూడా లావే, నిలబడే తీరూ పుంజుదే. కాళ్లు చూసి పుంజని కోతకు పోయిన పెట్టలు మా వాడలో తక్కువేమీ కావు. ఎదురెదురు నిలబడి రొమ్ములు గుద్దుకోవడం ఆ వయసులో అన్నీ చేస్తాయి. అడవికోడి రంగున్న పిల్లల్లో మాత్రం రొమ్ము చూడటం మంచిది. లేత ఇటుకరంగు రొమ్ము పెట్టది, నలుపు దిగుతున్నది పుంజుది.

పది, పన్నెండు వారాల మధ్య నడుము వెనక, తోక మొదలు దగ్గర కొత్త ఈకలు దిగుతాయి. సన్నగా, కొన తేలి, నూనె రాసినట్టు మెరుస్తూ పక్కలకు జారితే పుంజు. కొన గుండ్రంగా ఉండి పక్క ఈకల్లో కలిసిపోతే పెట్ట. ఏ జాతి ఎంత కలిసినా ఈ గుర్తు పెద్దగా తప్పదు, ఎందుకంటే ఇది తాతముత్తాతల సంగతి కాదు, ఆ ఒంట్లోనే అప్పుడే మొదలైన మార్పు. కూత కోసం ఆగుదామంటే మా దగ్గర కష్టం. కొత్త పుంజు మొదట్లో బొంగురుగా కూస్తుంది, మగ్గాలు ఆడుతుంటే అది ఎవరికీ వినపడదు. కరెంటు పోయిన పొద్దునే తెలుస్తుంది ఏ ఇంట్లో ఎన్ని పుంజులున్నాయో.

మూడు నెలలు ఆగడానికి మేత కావాలి కదా, సగం పుంజులైతే నష్టం కాదా అని అవ్వను అడిగాను. ఆమె పిల్లను చూసి లెక్క వేసుకోదు, పంచాంగం చూసి వేసుకుంటుంది. ఫాల్గుణంలో పొదిగేస్తే ఆషాఢానికి పిల్లలు ఎదిగివస్తాయి. అప్పుడు వాడంతా అమ్మవార్ల మొక్కులు, పుంజు అడిగినంత ధర పలుకుతుంది. పెట్టలు ఎటూ గుడ్డు మీదికి వస్తాయి. కార్తీకంలో పొదిగితే ఆ పుంజుల్ని అడిగేవాడుండడు.

"పుంజులెక్కువైతె పండుగ, పెట్టలెక్కువైతె గుడ్లు" అంది, ఫర్మా తిప్పి ఇంకో ఆకు కోస్తూ. "గంపల సూసి కొనేటోనికే బాధ."