చేర్యాల రంగుచిప్ప

చేర్యాల నకాషీ కళాకారులు చేసే బొమ్మల అందంలో సగం రంగు కలపడంలోనే ఉంది. తెల్ల పొణికి కర్రను చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్దతో ముక్కూ మూతీ తీరుస్తారు. పైన సుద్ద పూత బాగా ఆరాకే రంగు. సంప్రదాయ పద్ధతిలో తెలుపుకు గవ్వల పొడి, నలుపుకు దీపపు మసి, నీలానికి నీలిమందు. కొబ్బరిచిప్పలో బంకనీళ్లు పోసి వేలితో మెదుపుతారు. బంక తగ్గితే రంగు చేతికంటుతుంది, మించితే పెచ్చులూడుతుంది. ఆ పాళ్లు తెలిసింది వేలికే.

ఎక్కడో కూర్చుని 1:35 కొలత యుద్ధట్యాంకు బొమ్మకు రంగు వేసేవాడికైనా పాళ్ల విషయంలో ఇదే పాఠం. అయితే అతని ఆక్రిలిక్ రంగు సీసాలో గట్టిపడితే ఇక పనికిరాదు. నకాషీ చిప్పలో ఎండిన రంగు మాత్రం నాలుగు నీటిచుక్కలు పడగానే మళ్లీ పనిలోకి వస్తుంది. పొదుపూ పనితనమూ వేర్వేరు కాని విద్య ఇది.