ఒక్క రేకు మీద పారిస్ వీధి

1968 మే నెలలో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు కెమెరాలున్నవాళ్లంతా వాళ్ల వెంట పడ్డారు. పోలీసు కళ్లలోకి చూసి కొంటెగా నవ్వుతున్న విద్యార్థి నాయకుడు కోన్-బెండిట్‌ను ఫోటోగ్రాఫర్ గిల్ కారోన్ పట్టుకున్న ఫోటో, ఆ రోజుల మాట ఎత్తితే చాలు, ఇప్పటికీ బయటికొస్తుంది. అదే ఊళ్లో, అదే ఏడాది, ఆ జనాన్నే ఒక రాయలసీమ మనిషి లోహపు రేకులోకి దించారు. ప్రింటు పేరు ‘డెమాన్‌స్ట్రేటర్స్’. చేసినాయన కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. మా ఊరు బుక్కరాయసముద్రంలో కూర్చుని చూస్తే పారిస్ ఎక్కడో ఉంది గానీ, చిత్తూరు సీమ ఒక పూట బస్సు ప్రయాణం.

సంతకమున్న వీధి ఫోటోల ప్రతులు సేకరించేవాళ్లు మనలో ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు. వాళ్లకు నేను ముందుగా చూపించేది ఫోటో కాదు, ఈ ప్రింటు. ఫోటో నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీయొచ్చు. ఇరవై అయిదుతో ఆపేస్తామన్నది అమ్మేవాళ్లు ఇచ్చే మాట, అంతే. చెక్కిన రేకు సంగతి వేరు. ప్రెస్సు కింద నలిగిన ప్రతిసారీ దాని గీతల అంచులు కాస్త మొద్దుబారతాయి. ఇక్కడ పరిమితి లోహంలోనే ఉంది.

ఆయన జీవితం చెప్పాలంటే పెద్ద కథ. రిషివ్యాలీలో చదువు, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర శిక్షణ, మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్లు పాఠాలు, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం. ఆ తర్వాత పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ల కార్ఖానా. 1972లో పద్మశ్రీ. ఆ దశాబ్దంలోనే న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి మారి, 2018లో ఆ నగరంలోనే కన్నుమూశారు. ఈ వరసలో నాకు ముఖ్యమనిపించేది శిల్పం. ఎందుకంటే ఆయన రేకు మీద బొమ్మ గీయలేదు, రేకునే శిల్పంగా మలిచారు.

అప్పటిదాకా చెక్కిన రేకు నుంచి రంగుల ప్రింటు తీయాలంటే మామూలుగా రంగుకో రేకు. ఒకే కాగితాన్ని మూడు నాలుగుసార్లు ప్రెస్సులోంచి పోనివ్వాలి. ఏ ఒక్కసారి వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెదురుతుంది. అటెలియే 17లో కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతీ కలిసి రంగులన్నీ ఒకే రేకు మీద, ఒకే ఒత్తిడిలో దిగేలా చేశారు. కిటుకంతా అవిసె నూనెలో ఉంది.

ముందు రేకును రకరకాల లోతుల్లో చెక్కుతారు. బ్యూరిన్ అనే ఉలితో కొంత, యాసిడ్‌తో కొంత, గీకుడు పనిముట్లతో కొంత. మా చెరువు ఎండిన ఏడాది కట్ట మీంచి చూస్తే అడుగున మిట్టా పల్లమూ ఎలా బయటపడతాయో, చెక్కిన రేకు అలా ఉంటుంది. అన్నిటికన్నా లోతైన గీతల్లోకి చిక్కటి ఇంకును రుద్ది, పైన మిగిలింది గుడ్డతో తుడిచేస్తారు. తర్వాత గట్టి రోలర్. దానికి నూనె బాగా కలిపిన పల్చటి ఇంకు పూసి, అదమకుండా దొర్లిస్తే మిట్టలకు మాత్రమే అంటుతుంది. ఆపైన మెత్తటి రోలర్, దాని మీద నూనె తక్కువగా ఉన్న చిక్కటి ఇంకు. రోలర్ మెత్తన కాబట్టి పల్లాల్లోకి దిగుతుంది. మిట్టల మీద ముందే ఉన్న నూనె పొర మాత్రం ఈ కొత్త రంగును దగ్గరికి రానివ్వదు. ఇక తడి కాగితం పరిచి, ఉన్ని దుప్పటి కప్పి, ఒక్కసారి ప్రెస్సు తిప్పడమే.

వినడానికి ఇంతే. నూనె రెండు చుక్కలు ఎక్కువైనా రంగులు విడిగా నిలవకుండా కలిసిపోయి బురదవుతాయి. ఈ పద్ధతి మీద ఆయన 1988లో ఇంగ్లీషులో పుస్తకమే రాశారు. అయినా చేతి ఒత్తిడి ఎంత ఉండాలో పుస్తకంలోంచి ఎవరికి వస్తుంది?

‘డెమాన్‌స్ట్రేటర్స్’ దగ్గరికి వద్దాం. ఇందులో ఎవరి ముఖమూ గుర్తుపట్టలేం. మనుషులు విడివిడిగా ఉండి కూడా ఒకే కదలికలో కలిసిపోతారు. కారోన్ ఫోటోలో ఒక నవ్వు ఉంది, పేరున్న ఒక మనిషి ఉన్నాడు. ఇక్కడున్నది గుంపు. ఇలాంటి ప్రింటును ఎదురుగా నిలబడి చూస్తే సగమే కనిపిస్తుంది. పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి వంగి చూడాలి. రేకు అంచు కాగితంలో దిగబడిన గుంట, లోతు గీతల దగ్గర కాగితం పైకి ఉబ్బిన తీరు, ఆ ఉబ్బు మీద నిలబడ్డ ఇంకు అప్పుడు బయటపడతాయి. పుస్తకంలో అచ్చేసిన బొమ్మలో ఇవేవీ ఉండవు.

ఇక బొమ్మ కింద పెన్సిలు రాత. కుడివైపు సంతకం, ఎడమవైపు 12/50 లాంటి అంకె, అంటే యాభైలో పన్నెండోది. కొన్నిటి మీద అంకె బదులు ఏ.పీ. అని ఉంటుంది. మన రాష్ట్రం కాదు లెండి, ఆర్టిస్ట్ ప్రూఫ్. కళాకారుడు తన కోసం ఉంచుకున్న ప్రతులు. చిన్న అంకె ఉంటే గొప్పదన్న నమ్మకం కొనేవాళ్లలో గట్టిగా ఉంది. కానీ ప్రతుల్ని ఎండబెట్టి దొంతర పెట్టాక అంకెలు వేస్తే, ముందు తీసిందే ఒకటో నంబరు అవ్వాలని లేదు. కొనేటప్పుడు అంకె కన్నా అంచులు చూసుకోవాలి. ఫ్రేములో పట్టలేదని కాగితాన్ని కత్తిరించేసి ఉంటే విలువ పడిపోతుంది.

మా మెట్టసీమలో కాగితానికి బూజు బెడద తక్కువే గానీ చెదలు, దుమ్ము, ఎండ ఉన్నాయి. ఫ్రేము వెనక మామూలు అట్ట పెడితే అందులోని ఆమ్లం కొన్నేళ్లకు కాగితాన్ని పసుపు చేస్తుంది. అద్దం ఇంకుకు తగలకూడదు. ఎండ పడే గోడకు అసలు తగిలించకూడదు.

రేకుకు రంగు పూసేది ప్రతిసారీ చెయ్యే కాబట్టి, ఈ పద్ధతిలో ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకేలా రావు. కృష్ణారెడ్డి దాన్ని లోపంగా చూడలేదు. కూతుర్ని సర్కస్‌కు తీసుకెళ్లాక పుట్టిన ‘గ్రేట్ క్లౌన్’ను ఒకే రేకు నుంచి రకరకాల రంగుల్లో తీస్తూ పోయారు. వాటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను అంకె వైపు చూడను. మెత్తటి రోలర్ అడుక్కి దించిన రంగు, పైరంగుతో కలవకుండా ఏ ప్రతిలో తేటగా నిలిచిందో అది తీసుకుంటాను.