ముందు కాళ్ళ కింద పీట

మాటలు రావడం లేదని తీసుకెళ్తే థెరపిస్టు అమ్మాయి మావాడి నోటి వంక చూడనేలేదు. బల్ల కిందికి వంగి కాళ్ళు చూసింది. కుర్చీలోంచి వేలాడుతున్న పాదాల కింద ఓ ప్లాస్టిక్ పీట జరిపి, నడుముకు అటూ ఇటూ చుట్టిన తువ్వాళ్ళు దోపి, "ఇప్పుడు తినిపించండి అమ్మమ్మగారూ" అంది. మా అల్లుడు నావైపు చూసిన చూపులో ఫీజు రసీదు కనిపించింది.

మనవడికి రెండున్నరేళ్ళు. నెలలు నిండకుండా పుట్టి, కొన్నాళ్ళు ముక్కులోంచి వేసిన గొట్టంతోనే పాలు తాగాడు. అలా మొదలైన పిల్లల్లో కొందరికి నోరంటే ఆకలి తీరే చోటు కాదు, ఎవరో వచ్చి ఏదో దూర్చే చోటు. చెంచా కనబడగానే తల తిప్పేస్తారు. మెత్తనిది తప్ప మింగరు. చిన్న పలుకు తగిలినా కక్కేస్తారు. మావాడూ అంతే. స్పీచ్, ఫీడింగ్, ఓటీ మూడూ మొదలుపెట్టమని పిల్లల డాక్టరు చీటీ రాసిచ్చారు. ఇంట్లో అందరికీ కావలసింది మొదటిది. మిగతా రెండూ సినిమా టికెట్టుతో పాటు అంటగట్టిన పాప్‌కార్న్ అనుకున్నారు.

పీట సంగతి ఇంటికొచ్చాక నామీదే పరీక్షించుకున్నాను. ఎత్తుగట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి, మీకే తెలుస్తుంది. కాలికి ఆనిక లేకపోతే నడుము నిలవదు. నడుము నిలవకపోతే మెడ ఊగుతుంది, దవడ బిగుసుకుంటుంది. పడిపోకుండా కాచుకోవడానికే సత్తువంతా చాలని పిల్లాడికి నమలడానికి తీరికెక్కడిది?

మా ఇంట్లో వెండి ఉగ్గుగిన్నె ఉంది. మా అత్తగారు కాళ్ళు బారజాపుకుని, పిల్లను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఏడుపుకు నోరు తెరిచినప్పుడల్లా ఓ ధార వంచేవారు. మా అమ్మాయిలిద్దరూ అలాగే పెరిగారు, గట్టి పిండాలు. కానీ మింగడం కుదురుగా రాని బిడ్డకు ఆ పద్ధతి పనికిరాదు. తల వెనక్కి వాలినప్పుడు, పల్చటి పాలు గొంతు సర్దుకునేలోపే గాలిగొట్టం వైపు జారిపోవచ్చు. తినేటప్పుడు దగ్గు, తిన్నాక గొంతులో గరగర, మాటిమాటికీ న్యుమోనియా ఉంటే డాక్టర్లు అక్కడే వెతుకుతారు. అందుకని ఒళ్ళు నిటారుగా, గడ్డం కాస్త కిందికి. పల్చటి జావ కంటే చిక్కటిది కొందరు పిల్లలకు నోట్లో నిలుస్తుంది. ఎంత చిక్కగా అన్నది మాత్రం పిల్లాణ్ణి చూసిన థెరపిస్టే చెప్పాలి, యూట్యూబు కాదు.

చెంచా పట్టడం కూడా మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. లోతు లేని చెంచా, దాని కొసన బఠాణీగింజంత పెరుగన్నం. కింది పెదవి మీద ఆనించి ఆగాలి. పై పెదవి తనంతట తాను దిగి దాన్ని అందుకునేదాకా ఆగాలి. మనకు అలవాటైన పని వేరు. చెంచాను పై చిగురుకు రాసి లోపలికి ఒంపేసి, మూతి తుడిచేసి, ఇంకో ముద్దకు సిద్ధమైపోతాం. అలా పెడితే గిన్నె ఖాళీ అవుతుంది గానీ పెదవికి పని చెప్పినట్టు కాదు. మొదట్లో ఆ పెదవి వణికేది. తర్వాత్తర్వాత చెంచాను మూసిపట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ మెతుకులు మీద అంటుకున్న పెదవినే చూస్తూ కూర్చునేదాన్ని, సీరియల్ కూడా వదిలేసి.

అక్కణ్ణించి నోట్లో ఇట్టే కరిగిపోయే బొరుగులు, ఆ తర్వాత దోరగా కాల్చిన బ్రెడ్డు పుల్లలు. అవి నాలుక మీద కాదు, పక్క పళ్ళ మధ్య పెట్టాలి. నాలుక అటు తిరగడం అప్పుడే నేరుస్తుంది. పల్లీలు, శనగలు మాత్రం ఇంట్లో వాడికి అందేచోట ఉండకూడదంది థెరపిస్టు, గొంతుకు అడ్డుపడతాయని. మిక్సీ మానడం మా అమ్మాయికి కష్టంగా ఉంది. ఇన్నాళ్ళూ పప్పన్నం మిక్సీలో తిప్పి పెడితేనే వాడు తిన్నాడు మరి. ఇంగ్లండులో ఏవన్ ప్రాంతపు పిల్లల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2001లో అచ్చయింది. పలుకులున్న ఆహారం పది నెలలు దాటాక గానీ మొదలుపెట్టని పిల్లలు పదిహేనో నెలకు తిండి దగ్గర ఎక్కువ పేచీ పెడుతున్నారని అందులో తేలింది. మావాడికి ఆ పది నెలల్లో నోరు తెరవడమే గగనం. అయినా మిక్సీ ఒక్కరోజులో మూలకు పోదు, ఒక్కో తిప్పు తగ్గించుకుంటూ రావాలి.

పీపీలు ఊదిస్తే, బుగ్గలు రుద్దితే, నాలుక అటూ ఇటూ ఆడిస్తే మాటలొస్తాయని చాలా సెంటర్లలో నెలల తరబడి చేయిస్తుంటారు. ఉత్త ఊదుళ్ళ వల్ల మాట వస్తుందనడానికి పరిశోధనల్లో గట్టి ఆధారం దొరకలేదు. నమలడం నేర్పితే నమలడం వస్తుంది. మాట, మాటతో అవసరం పడినచోటే వస్తుంది. మరి ఫీడింగుకూ స్పీచుకూ ఒకే బల్ల ఎందుకంటే, రోజు మొత్తంలో పిల్లాడికి మనతో నిజంగా పనిపడేది అక్కడే. బొమ్మ లేకపోయినా వాడికి గడుస్తుంది. మూత బిగించిన డబ్బాలో బిస్కట్టు ఉందంటే మాత్రం మనిషి కావాలి.

ఆ మూత బిగించిన డబ్బానే వాడి మొదటి స్పీచ్ పాఠం. డబ్బా వాడి ముందు పెట్టి నోరు మూసుకుని కూర్చోవాలి. తెలుగిళ్ళలో ఇంతకంటే కష్టమైన పని లేదు. పిల్లాడు కనబడితే చాలు, "ఇదేంటి నాన్నా? అత్త అను, తాత అను, ఏదీ చెప్పు" అని చుట్టూ పదిమంది పరీక్ష పెడతారు. మా థెరపిస్టు ప్రశ్నలన్నీ మాన్పించింది. లోలోపల పది లెక్కపెట్టుకోమంది. వాడు డబ్బా తోసినా, చెయ్యి పట్టి లాగినా, కళ్ళెత్తి చూసినా అది అడిగినట్టే. వెంటనే "తియ్యి" అని మనం ఒక్క మాట అని తియ్యాలి. ఇచ్చేది కూడా సగం ముక్కే, మిగతా సగానికి మళ్ళీ అడగాలి కదా. ఇదంతా మొదలుపెట్టే ముందు ఆమె అడిగింది చెవుల రిపోర్టు. బెరా పరీక్షలో వినికిడి బాగుందని తేలాకే మమ్మల్ని లోపలికి రానిచ్చింది. వినికిడి చూడకుండా స్పీచ్ థెరపీ మొదలుపెట్టే చోటు నుంచి లేచి వచ్చేయడం మంచిది.

ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ అనుకుని మా వదిన ఫోనులోనే ఏడ్చింది. ఇక్కడ ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపీ. మన దేశంలో ఆ చదువు 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో మొదలైంది. మొదలుపెట్టిన కమలా నింబ్కర్ అమెరికాలో పుట్టి మరాఠీ ఇంటి కోడలైన మనిషి. ఇన్నేళ్ళయినా మన ఇళ్ళకు ఆ పేరు కొత్తే. మావాడి ఓటీ గదిలో ఉయ్యాల, చపాతీ పిండి, బట్టల క్లిప్పులు, రాగుల గిన్నెలో దాచిన గవ్వలు ఉంటాయి. చేతికి అన్నం అంటుకుంటే కెవ్వుమనే పిల్లాడు ముందు పొడి రాగుల్లో చెయ్యి పెడతాడు, తర్వాత తడిపిండిలో, ఆ తర్వాతే పెరుగన్నంలో. స్పర్శ, కదలిక, తూకం గురించి అమెరికాలో జీన్ ఎయిర్స్ అనే థెరపిస్టు చేసిన ఆలోచన ఇదంతా. ఇప్పుడది మన నగరాల్లో రంగురంగుల బంతుల తొట్టె, నెలవారీ ప్యాకేజీ అయి కూర్చుంది. బంతుల్లో దొర్లితే పిల్లాడికి సరదాగానే ఉంటుంది, ఎవరు కాదన్నారు? దానివల్ల ఇంట్లో ఏ పని తేలికవుతుందో చెప్పలేనివాళ్ళకు మాత్రం డబ్బు కట్టనక్కర్లేదు.

చుట్టాల వైద్యం సమాంతరంగా నడుస్తూనే ఉంది. వసకొమ్ము తేనెలో అరగదీసి నాకించమని ఒకరు, నాలుక కింద నరం కోయించమని ఇంకొకరు. వసలో ఉండే ఒక పదార్థం హాని చేస్తుందని అమెరికాలో 1968లోనే దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించారు. ఏడాది నిండని పిల్లలకు తేనే ప్రమాదం. నాలుక బిగువు కొన్ని అక్షరాలను నలిపితే నలపొచ్చు గానీ, అసలు మాటే రాకపోవడానికి అది కారణం కావడం అరుదు. "వాళ్ళ నాన్నకూ మూడేళ్ళకే వచ్చాయిలే" అన్నది మాత్రం అన్నిటికంటే ఖరీదైన సలహా. రెండేళ్ళకు రెండు మాటలు కలపని పిల్లాణ్ణి చూపించి, ఏమీ లేదనిపించుకుని వస్తే పోయేది ఓ పూట.

డబ్బు సంగతీ చెప్పాలి. ప్రైవేటు సెషన్లు నెలనెలా అద్దెతో పోటీపడతాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా పట్టుకునే డీఈఐసీలు వచ్చాయి, వాటిలో ఈ సేవలు ఉచితం. సికింద్రాబాద్ బోయినపల్లిలో, మేధో వైకల్యమున్నవారి కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. బడి పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటివి ఉన్నవాళ్ళకు నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీకీ అందులో కొంత వాటా ఉంది. స్పీచ్ థెరపిస్టునైతే, పునరావాస వృత్తులవాళ్ళను నమోదు చేసే ఆర్‌సీఐ రిజిస్ట్రేషను నంబరు అడగడానికి మొహమాటపడొద్దు. అన్నిటికంటే ముందు, సెషను జరుగుతున్నంతసేపూ మిమ్మల్ని బయట కుర్చీలో కూర్చోబెట్టే సెంటరు వద్దు. ఆ ముప్పావుగంటలో నేర్చుకోవలసింది పిల్లాడి కంటే మనం.

మావాడికి మొదట నేర్పాల్సిన మాట ఏమిటన్న దగ్గర ఇంట్లో గొడవ జరిగింది. మా అమ్మాయి "అమ్మ" అంది. నేను "బువ్వ" అన్నాను. థెరపిస్టు "వద్దు" అంది. వద్దని చెప్పడం తెలిస్తే కక్కక్కర్లేదు, గిన్నె విసరక్కర్లేదు, నోట్లోకి ఏమొస్తుందో తన చేతిలో ఉంటుందన్న ధైర్యం వస్తుందట. తల అడ్డంగా ఊపడం, అరచెయ్యి చూపడం నేర్పింది, మాట తర్వాత వస్తుందని. వాడు దాన్ని రెండో రోజుకే పట్టేశాడు. వద్దంటే చెంచా వెనక్కి తీయాలని మా అందరిచేతా ఒట్టు పెట్టించుకుంది కనుక తీస్తున్నాం. ప్రస్తుతం బీరకాయ కూరకు, తలస్నానానికి, నా ముద్దులకు అదే జవాబు.